పచ్చని పందిరి, ప్రామిసరీ నోటు

మన ప్రాంతమున పెండ్లిండ్ల ఋతువు సమీపించినప్పుడెల్ల రెండు తావుల సందడి హెచ్చుచుండును. ఒకటి ఫంక్షను హాలు; రెండవది వడ్డీవ్యాపారి వసారా. మొదటిదానిని ఊరెల్ల చూచును. రెండవదానిని చూచువారు ఋణము చేయు తండ్రియు, ఋణమిచ్చు షావుకారును, కొన్నియేండ్ల పిమ్మట మావంటి న్యాయవాదులును మాత్రమే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఐదు లక్షలు తెచ్చిన గృహస్థు నెలకు 10,000 రూపాయలు వడ్డీక్రిందనే చెల్లింపవలెను. ప్రామిసరీ నోటునకు కాలపరిమితి మూడేండ్లు గావున, చెల్లింపజాలనివానిచేత ఆ గడువు దాటకమున్నే వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొందురు. ఐదు లక్షల నోటు మూడేండ్లలో 8,60,000 రూపాయల నోటగును. అటుపిమ్మట వడ్డీకిని వడ్డీయే. పెండ్లినాటి పూలు మరునాటికే వాడిపోవును. నోటు మాత్రము ఏటేట చిగిర్చుచుండును.

ఇట్టి దినములలో విద్యావంతులగు యువతీయువకులు కొందరు, తమ పెండ్లి ఏ తోటలోనో, ఇంటి ముంగిటనో, నూర్పిడి ముగిసిన కళ్లములోనో పచ్చని పందిరి క్రింద మితవ్యయముతో జరుగవలెనని కోరుచున్నారు. ఈ కోరిక మిక్కిలి శ్లాఘనీయము. దీనిని మేము హృదయపూర్వకముగా బలపరచుచున్నాము. కాని ఒక్కమాట మొదటనే చెప్పవలసియున్నది. చెట్టునీడ కలిగినంతమాత్రమున పెండ్లి చౌక కాదు. అతిథుల సంఖ్య మితమైనప్పుడును, బంధుమిత్రుల చేతులు పనిలో కలిసినప్పుడును మాత్రమే అది చౌక యగును. ఈ రెండును లేక, పట్టణమునుండి అలంకారకులను రప్పించి, రిసార్టులో ఎడ్లబండిని అద్దెకు నిలిపి, అట్టతో బావిని కట్టించి, దానికి పల్లెపెండ్లి యని పేరిడినచో, అది పైకప్పు లేని ఫంక్షను హాలే గాని వేరు గాదు. ఖర్చు మాత్రము హాలునకు మించినను మించవచ్చును.

ముంగిటి పందిరి మనకు క్రొత్త గాదు. ముహూర్తపు రాట పాతి, సరుగుడు గుంజలు నిలిపి, తాటాకో కొబ్బరాకో కప్పి, అరటిబోదెలు కట్టి, మామిడితోరణము వ్రేలాడదీసినచో పెండ్లియిల్లు సిద్ధమయ్యెడిది. పెండ్లికూతురు కూర్చుండు గంపను మేదరులు అల్లి యిచ్చిరి. కుండలను కుమ్మరులు చేసి యిచ్చిరి. సన్నాయియు డోలును ఆ యూరివో ప్రక్కయూరివో. ఖర్చయిన ప్రతి రూపాయియు పది గడపలు త్రొక్కి తిరిగి ఆ గ్రామముననే తిరుగాడెడిది. నేడు అదే రూపాయి హాలు యజమానునికిని, అలంకారపు కంపెనీకిని, ఆకాశమున డ్రోను నెగురవేయువానికిని చేరి గ్రామమును విడిచిపోవుచున్నది. స్వదేశీయమను మాట గుడ్డకు మాత్రమే సంబంధించినది గాదు.

అట్లని పూర్వమంతయు నిర్దోషమని మేమనజాలము. ఐదునాళ్ల పెండ్లిండ్లు ఎన్ని మాన్యములను మ్రింగినవో మన పెద్దలెరుగుదురు. పందిరి పచ్చగా నున్నంతమాత్రమున దానిక్రింద జరిగినదెల్ల ధర్మము గాలేదు. 1897లో ముద్రితమైన గురజాడవారి కన్యాశుల్కము ఏ దురాచారముపై ఎత్తిన కత్తియో వేరుగ చెప్పనక్కరలేదు. బంతిలో కులమునకొక వరుస తీర్చిన పాపమును ఆ పందిరి క్రిందనే జరిగినది. మనము పునరుద్ధరింపవలసినది పందిరిని, పరస్పర సహాయమును, అన్యాయమును గాదు.

మితముగా పెండ్లిచేసిన ఆదర్శములు మన జాతీయచరిత్రలో లేకపోలేదు. 1942లో ఆనందభవనమున జరిగిన వివాహమునందు ఇందిర, తన తండ్రి చెరసాలలో స్వయముగా వడకిన నూలుతో నేసిన చీరనే ధరించెను. మన కృష్ణాజిల్లాకు చెందిన గోరాగారు 1948లో తమ కుమార్తె వివాహమును సేవాగ్రామ ఆశ్రమమున నిరాడంబరముగా, కులభేదమును త్రోసిపుచ్చి జరిపించిరి. అంత దూరము పోనేల? 2020లో మహమ్మారి ప్రబలినప్పుడు పెండ్లికి యాబదిమందికి మించి రాగూడదని ప్రభుత్వము శాసించెను. ఆ దినములలో ఇంటి ముంగిళ్లలో జరిగిన పెండ్లిండ్లు పెండ్లిండ్లు కాకపోయెనా? ఆ దంపతులు కాపురములు చేయుట లేదా? భయముచే చేయగలిగినదానిని వివేకముచే చేయజాలమా?

శాసనము సయితము మనయెడ ఆడంబరమును కోరుటలేదు. 1955 నాటి హిందూ వివాహచట్టము ఉభయపక్షములలో ఎవరి ఆచారము ననుసరించియైనను తంతు జరుగవలెననుచున్నది. సప్తపది ఆచారముగా నున్నచోట ఏడవ యడుగుతో వివాహము సంపూర్ణమగునని చెప్పుచున్నది. ఆ యేడడుగులు పాలరాతిపై వేయవలెనని ఏ సెక్షనునందును లేదు. 2024లో సర్వోన్నత న్యాయస్థానము, వివాహము ఆటపాటలకును విందువినోదములకును ఏర్పడిన సందర్భము గాదనియు, అది పవిత్రమగు సంస్కారమనియు, విధిగా తంతు జరుగని వివాహమునకు ధ్రువపత్రము మాత్రమే ప్రాణము పోయజాలదనియు తీర్పు చెప్పెను. కావున తంతును శ్రద్ధగా జరుపుడు, నమోదు తప్పక చేయింపుడు. తక్కినదంతయు మన యిచ్చకు లోబడినదే.

ఇక ఆచరణకు వత్తము. మొట్టమొదట నిర్ణయింపవలసినది ముహూర్తము గాదు, అతిథుల పట్టిక. విస్తరికి 500 రూపాయలగునని అనుకొన్నచో ఆరువందలమందికి మూడు లక్షలు. రెండువందలమందికి ఒక లక్ష. రెండు లక్షలు ఒక్క కలముపోటుతో మిగిలినవి. ఈ పట్టికను వధూవరులే ఇరుపక్షముల పెద్దలతో ఒకచోట కూర్చుండి వ్రాయవలెను. మగపెండ్లివారు తమ బలగమును తామే తగ్గించుకొని, వ్యయమున సగపాలు తామే భరింపవలెను. 1961 చట్టము కట్నమును నిషేధించినది. కట్నము వలదని చెప్పి, పెండ్లి మాత్రము మా హోదాకు తగినట్లు చేయుడనువాడు కట్నమును వేరొక సంచిలో పుచ్చుకొనుచున్నాడు.

రెండవది కాలము. పగటి ముహూర్తమును కోరవలెను. పగలైనచో దీపములును, జనరేటరును, రాత్రి బసలును చాలవరకు తప్పును. ఒక్కపూట భోజనముతో సరిపోవును. రాత్రి పది గంటలనుండి ఉదయమారింటివరకు ధ్వనివర్ధకములు కూడదని 2000 నాటి నిబంధనలు చెప్పుచున్నవి గావున ఆ చిక్కును ఉండదు. ఆరుబయట పెండ్లికి మాఘఫాల్గునములు మేలు. వైశాఖజ్యేష్ఠముల యెండలో ముసలివారిని, పసిబిడ్డలను తోటలో కూర్చుండబెట్టుట మర్యాద గాదు, క్రూరత్వము.

మూడవది స్థలము. మాఘమున మామిడితోట పూతమీద నుండును, పురుగుమందులు చల్లుచుందురు, పొగయు జనసందడియు పూతకు చేటు. కొబ్బరితోట దానికంటె నయము. కాని కాయలను, ఎండుమట్టలను ముందుగనే దింపింపవలెను. తలపై పడినచో శుభమశుభమగును. దింపిన కాయలు తాంబూలములకు వచ్చును, పచ్చిమట్టలు పందిరికి వచ్చును. కళ్లము అన్నిటికంటె సులభము: నేల చదునుగా నుండును, అలికి ముగ్గుపెట్టినచో చాలును. ఎండుతాటాకు పందిరి నిప్పునకు మిత్రము గావున, గాడిపొయ్యిని పందిరికి దూరముగ, గాలి పొగను జనముమీదికి తీసికొనిపోని దిక్కున త్రవ్వవలెను. విద్యుత్తు తీగలు ఆకును తాకరాదు. నీటి తొట్లు నాలుగు మూలల నిండుగా నుండవలెను. స్త్రీలకు మరుగుదొడ్ల యేర్పాటు పూలపందిరికంటె ముందు ఆలోచింపవలసిన విషయము. దానిని మరచినవారు తోటపెండ్లికి చెడ్డపేరు తెత్తురు.

నాలుగవది భోజనము. ఇరువదియైదు కిలోల బియ్యము రెండువందలమందికి చాలును. ముద్దపప్పు, వంకాయకూర, చిక్కుడుకాయ వేపుడు, గుమ్మడికాయ పులుసు, పులిహోర, బూరెలు, గడ్డపెరుగు: మాఘమాసపు పొలము ఇచ్చునవియే ఇవి. విస్తరాకులలో, అందరికిని ఒక్కటే బంతిగా, కొసరి వడ్డించిన ఈ భోజనమునకు, నలువది పదార్థములను నిలువుకాళ్లమీద తిని సగము పారవేయు విందు సాటి వచ్చునా?

ఐదవదియు ముఖ్యమైనదియు చేతుల సంగతి. యువకులందరును హైదరాబాదునను, బెంగుళూరునను, అమెరికాలోను ఉండగా మట్టలల్లువారెవ్వరు, వడ్డించువారెవ్వరు అని కొందరందురు. ఈ యాక్షేపణ న్యాయమైనదే. పందిరి కట్టుటకు ఆ పని యెరిగిన కూలీలను పిలిచి మంచి కూలి యిండు. ఆ డబ్బు ఊరిలోనే యుండును. తక్కిన పనులను, అనగా కూరలు తరుగుట, తోరణము కట్టుట, నీరందించుట, వడ్డించుట, మరునాడు స్థలమును శుభ్రముచేయుట, బంధుమిత్రులు పేరుపేరున పంచుకొనవలెను. దూరదేశమునుండి వచ్చువాడు విలువగల కానుక తెచ్చుటకు మారుగ రెండునాళ్లు ముందుగా వచ్చుట మేలు. పెండ్లికి వచ్చి ఒక పనిచేసినవాడు ఆ పెండ్లిని జన్మమున మరువడు.

నలుగురు ఏమనుకొందురో యను భయమొకటి మిగిలియున్నది. ఆ నలుగురిలో ఒక్కడును నోటుపై సాక్షిసంతకము చేయును గాని వడ్డీ చెల్లింపడు. తెలంగాణమున పేదయింటి ఆడపిల్లల వివాహమునకు సహాయముగా 2014లో 51,000 రూపాయలతో కల్యాణలక్ష్మి పథకము ప్రారంభమై, 2018 నాటికి ఆ మొత్తము 1,00,116 రూపాయలయ్యెను. ప్రజాధనమునుండి వచ్చు ఇట్టి సహాయము ఆ బిడ్డ క్రొత్తకాపురమునకు ఊతగా నిలువవలెనే గాని, ఒక్కపూట దీపాలంకారముతో ఆరిపోరాదు. ఉన్నవారు ఆడంబరమును మానినగాని లేనివారికి మానుటకు ధైర్యము చాలదు. కావున ఈ మార్పును అప్పు చేయనక్కరలేని యిండ్లవారే ముందు ప్రారంభింపవలెను. ధనవంతుని తోటపెండ్లిని లోకము ఆదర్శమనును. పేదవాడు అదే చేసినచో లేమి యనును. ఈ భేదమును చెరుపగలవాడు ధనవంతుడే.

పఠనమందిరములయందు ఈ పత్రికను చదువు మిత్రులకు మాదొక విన్నపము. ప్రతి గ్రామమునను, ప్రతి పేటయందును గ్రంథాలయసంఘమో యువజనసంఘమో పూనుకొని ఉమ్మడి పెండ్లిసామగ్రిని సమకూర్పవచ్చును. నాలుగు గుండిగలు, పది గంగాళములు, జమఖానములు, పందిరిగుంజలు, నీటితొట్లు, తాత్కాలికపు మరుగుదొడ్లు: ఇవి ఒక్కమారు చందాలతో కొన్నచో ఏండ్లతరబడి నిలుచును. స్వల్పమగు రుసుము పుచ్చుకొని, కులమత విచక్షణ లేక అడిగినవారికెల్ల ఇయ్యవలెను. వానితోపాటు పదిమంది సేవకుల పేర్లు గల పట్టికయు ఉండవలెను. ఒక యూరిలో ఇట్టి మూడు పెండ్లిండ్లు జరిగినచో నాలుగవదానికి ఉపన్యాసము అక్కరలేదు.

ఆడపిల్ల అత్తవారింటికి పోవునాడు తల్లిదండ్రుల కన్నులు చెమర్చుట సహజము. ఆ కన్నీరు ఎడబాటువలన కలుగవలెను గాని ఋణభారమువలన గాదు. రాబోవు మాఘమునకు పట్టికలు వ్రాయనున్నవారు ఈ మాటను మనస్సున నుంచుకొందురుగాక.