ఆయ్, మావోడికి ఫైలుందండి!

రాజోలు, మలికిపురం వైపు పెళ్ళి సంబంధాల్లో ఇప్పటికీ వినబడే మాట: "ఆయ్, మావోడికి ఎకరంన్నర కొబ్బరితోట, ఆపైన అమెరికా ఫైలుందండి." ఫైలంటే అమెరికాలో సిటిజన్ అయిన అక్కో చెల్లో తోబుట్టువు కోసం వేసిన ఐ-130 దరఖాస్తు. వీసా బులెటిన్‌లో ఎఫ్4 అనే గడి. దాన్ని ఆస్తుల జాబితాలో తోట పక్కన కూర్చోబెట్టింది వాళ్ళు కాదు, మనం. అమెరికాలో కూర్చుని కోడు రాసుకునే మనం. అందుకే నా గొడవ మనవాళ్ళతోనే.

లెక్క చూద్దాం, మనకొచ్చిన విద్య అదొక్కటే కదా. తోబుట్టువుల కోటా ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000. ఏ దేశానికీ 7 శాతం మించకూడదని 1990 చట్టం. అంటే ఇండియాకి సుమారు 4,550. భార్యా పిల్లలు కూడా అందులోనే లెక్క. ఇంటికి నలుగురు చొప్పున వేసుకుంటే దేశం మొత్తమ్మీద ఏడాదికి పదకొండు వందల కుటుంబాలు. గుజరాతు, పంజాబు, మిగతా దేశమంతా పోగా కోనసీమకి ఎన్ని మిగుల్తాయో మీరే చెప్పండి. 2024 అక్టోబరు బులెటిన్‌లో ఇండియా తేదీ 2006 మార్చి. 2025 అక్టోబరులో 2006 నవంబరు. పన్నెండు నెలలు గడిస్తే ఎనిమిది నెలలు కదిలింది. ఇది క్యూ కాదండీ, కాలంకన్నా నెమ్మదిగా కదిలే నత్తనడక.

మా పెద్దమ్మ కొడుకొకాయన అంబాజీపేట దగ్గర కొబ్బరి వ్యాపారం చేస్తాడు. 2007లో వాళ్ళక్క ఫైలు వేసింది. అప్పట్నించి ఇంటి మీద మేడ వెయ్యలేదు. పీచు మిల్లులో వాటా తీసుకోమంటే "వెళ్ళిపోయేవాడికి నాకెందుకురా" అన్నాడు. అక్క ఫోను చేసినప్పుడల్లా "ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు" అంటుంది. అప్పుడు చంకలో ఉన్న కొడుకు ఇప్పుడు బీటెక్. మొన్న నన్నడిగాడు, "ఏరా తమ్ముడూ, ముగ్గురం కలిసే వెళ్తాం కదా?" అని.

వెళ్ళలేకపోవచ్చు. 21 దాటితే కొడుకు పిల్లాడి లెక్కలోకి రాడు. 2002లో వచ్చిన చట్టం ప్రకారం దరఖాస్తు ఆమోదానికి పట్టిన కాలాన్ని వయసులోంచి తీసేస్తారు, నిజమే. కానీ ఆమోదం పొందాక క్యూలో నిలబడ్డ ఏళ్ళని తియ్యరు. అసలు పోయేవి అవే. అలా వయసు దాటిపోయిన పిల్లలకి పాత తేదీ కూడా దక్కదని 2014లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే తల్లిదండ్రులకి వీసా, కొడుక్కి టాటా. ఈ సంగతి వాళ్ళక్కకి తెలీదా? తెలుసు. ఎందుకు బాధపెట్టడం అని చెప్పలేదట.

నిజానికి క్యూ అంటే ఏంటో మనకంటే ఎవరికి తెలుసు? హెచ్1బి ఇచ్చేటప్పుడు దేశాల కోటా లేదు. ఏడాదికి 85,000, అందులో సగానికి పైగా మనవాళ్ళకే. గ్రీన్‌కార్డు దగ్గరికొచ్చేసరికి ఈబీ2లో ఇండియా వాటా భార్యాపిల్లలతో కలిపి సుమారు 2,800, వేరే దేశాలవి మిగిలితే ఇంకొన్ని. సింహద్వారంలోంచి లోపలికి పిలిచి కిటికీలోంచి వడ్డించడం లాంటిదిది. 2007 జులైలో తలుపు తెరిచి, మూసి, మనవాళ్ళు వాళ్ళ ఆఫీసుకి పువ్వులు పంపాక మళ్ళీ తెరిచారు. కోటా తీసేసే బిల్లు 2019లో 365-65తో ప్రతినిధుల సభ దాటింది, 2020 డిసెంబరులో సెనేట్ కూడా తన రూపంలో పాస్ చేసింది, రెండూ కలవక చచ్చిపోయింది. 2021లో కోవిడ్ పుణ్యమా అని దాదాపు 2,62,000 ఉద్యోగ వీసాలొస్తే 66 వేల పైచిలుకు వాడకుండానే మురగబెట్టారు. ఇంత చూసి, నెలనెలా బులెటిన్ రాగానే తిట్టుకుంటూ, ఊళ్ళో అన్నయ్యకి మాత్రం "వచ్చేస్తుంది" అని చెప్తామా?

నా ఈబీ2 తేదీ 2015. 2025 అక్టోబరుకి బులెటిన్ 2013 ఏప్రిల్లో ఉంది. నాకెప్పుడో వచ్చి, ఆపైన ఐదేళ్ళకి సిటిజన్ అయ్యి, అప్పుడు మా తమ్ముడికి ఫైలు వేస్తే, వాడికి వీసా కంటే వృద్ధాప్య పెన్షనే ముందొస్తుంది.

"చట్టం ఇచ్చిన హక్కు, వేస్తే పోయేదేముంది?" అంటారు. వెయ్యండి, నేనొద్దన్నానా? కానీ ఆ హక్కు కూడా ఎన్నాళ్ళుంటుందో. 2013లో సెనేట్ 68-32తో పాస్ చేసిన బిల్లులో తోబుట్టువుల కేటగిరీని ఎత్తేశారు. అది సభ దాటలేదు కాబట్టి బతికిపోయింది.

కోనసీమవాళ్ళకి ఎదురుచూడ్డం కొత్త కాదులెండి. కోటిపల్లి-నరసాపురం రైలు 2000-01లో మంజూరైంది, అమలాపురానికి ఇంకా రాలేదు. కానీ రైలు వస్తుందని ఎవరూ బస్సెక్కడం మానుకోలేదు. ఫైలు మాత్రం మేడ కట్టనివ్వదు, మిల్లు పెట్టనివ్వదు.

ఇంకోటి. ఫైలు వేసిన మనిషి మధ్యలో పోతే ఫైలూ పోయినట్టే. దయతలచి మళ్ళీ నిలబెట్టమని అడుక్కోవచ్చు, ఇస్తారన్న హామీ లేదు. కాబట్టి అక్కలూ, అన్నలూ, ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు మీ ప్రయారిటీ డేటు, బులెటిన్‌లో ఉన్న డేటు, పిల్లాడి పుట్టినరోజు, మూడూ వరసగా చదివి వినిపించండి. అవతలివాళ్ళు లెక్క వేసుకునేదాకా ఫోను పెట్టెయ్యకండి.