ఆంగ్ల ప్రావీణ్యానికి కొలబద్ద

1913వ సంవత్సరంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఒక కొత్త పరీక్షను ప్రవేశపెట్టింది. ఆంగ్లం మాతృభాష కాని వారు, ముఖ్యంగా ఆ భాషను బోధింపదలచిన వారు, తమ ప్రావీణ్యాన్ని నిరూపించుకొనడానికి ఏర్పరచిన పరీక్ష అది. ఆంగ్లం నుండి ఫ్రెంచి లేదా జర్మను భాషలోనికి అనువాదం, ఆ భాషల నుండి తిరిగి ఆంగ్లంలోనికి అనువాదం, వ్యాకరణం, వ్యాసరచన, సాహిత్యం, ధ్వనిశాస్త్రం, ఉక్తలేఖనం, బిగ్గరగా చదవడం, సంభాషణ - ఇన్ని అంశాలలో మొత్తం పన్నెండు గంటల పాటు అభ్యర్థిని పరీక్షించేవారు. ఆ తొలి పరీక్షకు హాజరైన వారు ముగ్గురు. ముగ్గురూ అనుత్తీర్ణులైనారు.

వారికి ఆంగ్లం రాదని చెప్పడం సాహసమే అవుతుంది. ఏమీ రానివారు పన్నెండు గంటల పరీక్షకు కూర్చుంటారా? వారికి ఎంతో కొంత వచ్చు. కాని ఎంత వచ్చునో, ఏది వచ్చునో, ఆ ఫలితం చెప్పలేకపోయింది. ఒక భాష ఒకరికి బాగా వచ్చునని దేనిని చూచి నిర్ణయించాలి అనే ప్రశ్న నూరేళ్లు దాటినా సమసిపోలేదు.

ప్రారంభ దశలో ఈ చిక్కు అంతగా ఉండదు. విద్యార్థికి అక్షరాలు వచ్చునా, రోజువారీ మాటలు తెలియునా, చిన్న వాక్యం కూర్చగలడా అని చూస్తే సరిపోతుంది. ఉన్నత స్థాయికి చేరిన వానిని పరీక్షించడమే కష్టం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. భాష అటువంటి వంటకం కాదు. ఒక మెతుకు మెత్తగా ఉంటుంది, దాని పక్కనే మరొకటి పలుకుగా ఉంటుంది. క్రియారూపాలన్నీ తప్పులేకుండా చెప్పగల విద్యార్థి ఒక సంపాదకీయం చదివి రచయిత అనుకూలమో ప్రతికూలమో పోల్చుకొనలేకపోవచ్చు. అంతా అర్థం చేసుకొన్నవాడు దానిని గురించి రెండు వాక్యాలు వ్రాయబోయి నాలుగు తప్పులు చేయవచ్చు.

ముందుగా వ్యాకరణం సంగతి. తెలుగులో ఉపపదాలు లేవు; ఆంగ్లంలో ఉన్నాయి. అందువలన తెలుగు విద్యార్థి వాటిని దిష్టిచుక్కల వలె అక్కడక్కడ పెట్టి ఊరుకుంటాడు. కాని 'ఫ్యూ పీపుల్ కేమ్' అంటే వచ్చినవారు బహు తక్కువ, దాదాపు ఎవరూ రాలేదన్న నిట్టూర్పు అందులో ఉంది. 'ఎ ఫ్యూ పీపుల్ కేమ్' అంటే కొందరైనా వచ్చారన్న తృప్తి ఉంది. ఒక్క అక్షరం చేరినందువలన సభ నిర్వాహకుని ముఖకవళికలే మారిపోయినాయి! అట్లే, 'స్టాప్డ్ రీడింగ్' అంటే చదవడం ఆపినాడు. 'స్టాప్డ్ టు రీడ్' అంటే చదవడానికి ఆగినాడు. ఉన్నత స్థాయిలో వ్యాకరణం అంటే ఇటువంటి అర్థభేదాన్ని గుర్తించి, తగిన రూపాన్ని ఎన్నుకొనడం. సూత్రాన్ని ఒప్పజెప్పడం దానికి సాటి కాదు. కేంబ్రిడ్జి వారి ఉన్నత స్థాయి పరీక్షలలో ఒక వాక్యాన్ని, ఒక మాటను ఇచ్చి, ఆ మాటను మార్చకుండా వాడి అదే అర్థం వచ్చేటట్లు వాక్యాన్ని తిరిగి కూర్చమని అడుగుతారు. పైకి చిన్న ప్రశ్నగా కనిపించినా, అందులో వ్యాకరణం, పదజ్ఞానం, అర్థస్పృహ మూడూ ఒక్కసారే పరీక్షకు నిలుస్తాయి.

1964లో అమెరికాలో మొదలైన టోఫెల్ పరీక్ష తొలిరోజులలో వ్యాకరణానికి ఒక విభాగం, పదజాలానికి ఒక విభాగం, పఠనానికి ఒక విభాగం విడివిడిగా ఉండేవి. భాషను యంత్రం వలె విడదీసి, ఒక్కొక్క మరను పరిశీలిస్తే చాలునన్న విశ్వాసం ఆ కాలానిది. 2005లో ఆ పరీక్ష అంతర్జాలానికి మారినప్పుడు ప్రత్యేక వ్యాకరణ విభాగం తొలగిపోయింది. వ్యాకరణం అక్కరలేకపోవడం అందుకు కారణం కాదు. వ్రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు అది ఎలాగూ బయటపడుతుంది. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలోనూ వ్యాకరణానికి వేరే పత్రం లేదు.

పదసంపద విషయంలో మన విద్యార్థులకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. అమెరికాలో ఉన్నత విద్యకై జి.ఆర్.ఇ. వ్రాసేవారు వేల పదాల జాబితాలను కంఠస్థం చేసిన కాలం ఒకటుండేది. పదం, దాని పక్కన ఒక పర్యాయపదం. ఉదయం ఏబది, సాయంత్రం ఏబది. ఆ పదాలలో అధిక భాగం పరీక్ష మరునాటికి మరుగున పడిపోయేవి. 2011లో ఆ పరీక్షను సంస్కరించినప్పుడు వ్యతిరేకపదాల ప్రశ్నలను, పదసామ్యాల ప్రశ్నలను తొలగించి, సందర్భంలో పదాన్ని గుర్తించే ప్రశ్నలకు ప్రాధాన్యమిచ్చారు. అది మంచి మార్పే.

ఎన్ని పదాలు తెలియాలి అన్నది ముఖ్యం కాదనడానికి వీలులేదు. నవలలను, వార్తాపత్రికలను ఇతరుల సహాయం లేకుండా చదువుకొనడానికి ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు తెలిసి ఉండాలని పాల్ నేషన్ అనే భాషాశాస్త్రవేత్త 2006లో అంచనా వేశారు. పదకుటుంబమంటే ఒక మూలపదమూ, దాని నుండి పుట్టిన రూపాలూను. అయితే పదం తెలియడమంటే దాని నేస్తాలు కూడా తెలియడం. తెలుగులో కాలు జారుతుంది, నోరు జారుతుంది. రెండింటా జారడమే అయినా మొదటిదానికి కట్టు కడితే సరిపోతుంది, రెండవదానికి మందు లేదు. ఆంగ్లంలో టీ 'స్ట్రాంగ్'గా ఉంటుంది, వాన 'హెవీ'గా ఉంటుంది. తారుమారు చేస్తే చెవికి ఇంపుగా ఉండదు. జాబితాలో పక్కపక్కన వ్రాసుకొన్న అర్థాలు ఈ స్నేహాలను నేర్పలేవు. ఒక గద్యభాగంలో కొన్ని పదాలను తొలగించి, ఖాళీలను పూరింపజేసే పద్ధతి ఈ లోపాన్ని కొంత తీరుస్తుంది. 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికా పరిశోధకుడు పాఠ్యభాగాల కాఠిన్యాన్ని కొలవడానికి దీనిని రూపొందించినాడు. తరువాత అది భాషాపరీక్షలకు పనికివచ్చింది. 'నిన్న కురిసిన ------కు చెరువు నిండింది' అన్నచోట వాన అనవచ్చు, వర్షం అనవచ్చు. ఒక్కదానినే సరైనదిగా భావించే పరీక్షకుని చేతిలో మాత్రం మంచి ప్రశ్న కూడా చెడిపోతుంది.

ఇక పఠనం. అసలు చిక్కంతా ఇక్కడనే ఉన్నది. చదవడం కంటికి కనిపించే పని కాదు. విద్యార్థి పుట వంక చూస్తున్నాడని తెలుస్తుంది. లోపల ఏమి జరుగుతున్నదో తెలియదు. కనుక దానిని మరొక పని ద్వారా బయటికి రప్పించాలి. ఆ మరొక పని ఏది అన్నదానిపై ఫలితం ఆధారపడి ఉంటుంది. నాలుగు సమాధానాలిచ్చి ఒకటి ఎన్నుకొమ్మంటే, దిద్దేవారి ఇష్టాయిష్టాలకు తావుండదు. ఏ జిల్లాలో ఎవరు దిద్దినా ఒకే మార్కు. ఈ న్యాయం తక్కువది కాదు. పెద్దయెత్తున జరిగే పరీక్షలలో దీనిని తోసిపుచ్చలేము. కాని చదవకుండానే రెండు సమాధానాలను కొట్టివేసి, మిగిలిన రెండింటిలో అదృష్టాన్ని పరీక్షించుకొనే విద్య కూడా ఈ పద్ధతితోనే పెరిగింది. ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో 'నిజం, అబద్ధం, చెప్పలేదు' అనే మూడింటిలో ఒకటి ఎన్నుకొనే ప్రశ్న ఉంటుంది. ఆ మూడవ మాటలో గొప్ప వివేకం ఉన్నది. తనకు తెలిసిన విషయాన్ని రచయిత నోట పెట్టకుండా, రచయిత చెప్పినంతవరకే ఆగడం మంచి పాఠకుని లక్షణం.

మన తరగతులలో వాడుకలో ఉన్న పద్ధతి వేరు. ఆంగ్ల గద్యభాగమిచ్చి, దానిపై ఆంగ్లంలో ప్రశ్నలడిగి, ఆంగ్లంలోనే సమాధానాలు వ్రాయమంటారు. విద్యార్థి ప్రశ్నలోని ఒక మాటను గద్యభాగంలో వెతికి పట్టుకొని, అది ఉన్న వాక్యాన్ని యథాతథంగా ఎత్తి వ్రాస్తాడు. మార్కులు వస్తాయి. అతనికి అర్థమైనదా? ఎవరికీ తెలియదు. పక్క వరుసలోని బాలిక గద్యభాగాన్ని శ్రద్ధగా చదువుతుంది. రచయిత పొగడుతున్నట్లే పొగడి తెగడుతున్నాడని గ్రహిస్తుంది. ఆ గ్రహించినదానిని సొంత మాటలలో ఆంగ్లంలో పెట్టబోయి కాలాన్ని తప్పుతుంది, ఉపపదాన్ని వదలివేస్తుంది. ఆమెకు మార్కులు తగ్గుతాయి. పఠనానికి పెట్టిన పరీక్షలో పఠించగలిగినదే వెనుకబడింది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన ఎందరికో ఇటువంటి అనుభవమే ఎదురవుతున్నది. తమకు తెలివి లేదన్న భావం వారిలో నాటుకొని పోవడం అన్నిటికంటె బాధాకరం.

పరీక్ష ఏది అడిగితే తరగతి అదే నేర్పుతుందనడానికి దక్షిణ భారతదేశంలోనే ఒక నిదర్శనం ఉంది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు బెంగుళూరు పథకం పేరుతో కొన్ని పాఠశాలలలో వ్యాకరణ సూత్రాలకు బదులు అర్థంతో కూడిన పనుల ద్వారా ఆంగ్లం నేర్పించారు. పథకాన్ని మూల్యాంకనం చేసినప్పుడు, స్థూలంగా, వాక్యనిర్మాణాలు నేర్చినవారు నిర్మాణ పరీక్షలో, పనుల ద్వారా నేర్చినవారు పనుల పరీక్షలో మెరుగనిపించుకొన్నారు. ఏ పరీక్ష పెట్టాలో నిర్ణయించడమంటే సగం పాఠ్యప్రణాళికను నిర్ణయించడమే. తెలంగాణలో 2023-24 విద్యాసంవత్సరంలో ఇంటర్మీడియట్ ఆంగ్లానికి ప్రయోగ పరీక్షను చేర్చిన తరువాతనే అనేక కళాశాలలలో మాట్లాడించడం మొదలైనది.

కనుక ఇంటర్మీడియట్ స్థాయిలో ఒక మార్పు అవసరం. పఠనాన్ని పరీక్షించే ప్రశ్నలలో కొన్నింటికైనా సమాధానాన్ని మాతృభాషలో వ్రాయనివ్వాలి. గద్యభాగం ఆంగ్లం, ప్రశ్న ఆంగ్లం, సమాధానం తెలుగు. ఎత్తి వ్రాయడానికి అక్కడ వాక్యం దొరకదు. అర్థం చేసుకొన్నవాడు మాత్రమే వ్రాయగలడు. ఇది వెనుకకు నడవడం కాదు. ఐరోపా మండలి 2001లో ఎ1 మొదలు సి2 వరకు ఆరు మెట్లుగా ఏర్పరచిన ప్రమాణాలలోనే, ఒక భాషలో గ్రహించినదానిని మరొక భాషలో అందించే మధ్యవర్తిత్వానికి స్థానముంది. 2020 నాటి అనుబంధ సంపుటిలో దానిని మరింత విస్తరించారు. ఆ సంపుటి తన వర్ణనల నుండి 'మాతృభాషీయుడు' అనే కొలబద్దను కూడా తొలగించింది. ప్రపంచమంతటికీ ఒకే ప్రశ్నపత్రం పంపే సంస్థలకు ఇది సాధ్యం కాకపోవచ్చు. తన విద్యార్థుల భాషలేవో ఎరిగిన రాష్ట్ర బోర్డుకు ఎందుకు సాధ్యం కాదు?

అట్లయితే ఆంగ్ల రచన కుంటువడదా అని కొందరు అడుగవచ్చు. రచనకు రచన పత్రం ఉండనే ఉన్నది. అక్కడ ఉపపదం తప్పితే మార్కు తగ్గించవలసిందే. ఉర్దూ, మరాఠీ, కన్నడం ఇంట మాట్లాడే విద్యార్థుల మాటేమిటన్న ప్రశ్న ఇంతకంటె బరువైనది. వారికి తమ భాషను గాని, ఆంగ్లాన్నే గాని ఎన్నుకొనే స్వేచ్ఛ ఇవ్వాలి. ఆంగ్ల మాధ్యమంలో పెరిగి, తెలుగు వ్రాయడానికి తడబడే వారికీ ఆ స్వేచ్ఛ ఉండాలి.

దిద్దడం మాత్రం కొంత శ్రమతో కూడినదే. ప్రస్తుతం మూల్యాంకన కేంద్రాలలో ఆంగ్ల అధ్యాపకులు ఒక గదిలో, తెలుగు అధ్యాపకులు మరొక గదిలో కూర్చుంటున్నారు. ఈ ప్రశ్నల కొరకు వారిరువురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వస్తుంది. మొదట పది మార్కులకు, కొన్ని కళాశాలలలో, అర్ధసంవత్సర పరీక్షలతో ఆరంభించి చూడవచ్చు.