అయిదేళ్లు అర్హతకే

సంపాదకులకు,

‘జర్మనీలో అయిదేళ్లుంటే పౌరసత్వం’ అని మీ ఆదివారం వ్యాసం తేల్చేసింది. కాదు. అయిదేళ్లుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతే. 2024 జూన్ 27న అమల్లోకి వచ్చిన చట్టం ఎనిమిదేళ్ల గడువును అయిదుకు తగ్గించింది గాని ఫైళ్లు చూసే సిబ్బందిని పెంచలేదు. ద్వంద్వ పౌరసత్వం కుదరక దశాబ్దాలుగా ఆగినవాళ్లూ, ఆ చట్టం దాన్ని అనుమతించడంతో, అప్పుడే వరుసలో చేరారు. బెర్లిన్‌లోనైతే 2024 జనవరిలో ఈ పనంతా ఒకే కార్యాలయానికి అప్పగించేనాటికే దాదాపు 40 వేల పాత ఫైళ్లు పేరుకుని ఉన్నాయి.

నేను దరఖాస్తు పెట్టి ఏడాది దాటింది. ఈలోగా ఉద్యోగం మారితే కొత్త కాంట్రాక్టు, జీతం స్లిప్పులు మళ్లీ పంపాలి. రెసిడెన్స్ పర్మిట్ గడువు తీరకుండా చూసుకోవాలి. మూడేళ్లకే పౌరసత్వమంటూ మీరు ఊరించిన దారిని 2025 అక్టోబరులోనే ఎత్తేశారు. ఫైలు కదలకముందే ఆ దారి మూసుకుపోయినవాళ్లున్నారు. ఆలస్యానికి మూల్యం అదీ!

ఇక ‘రెండు పాస్‌పోర్టులు’ అన్న మాట. అది జర్మనీ ఒప్పుకున్నా మన దేశం ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, కోరి వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. మిగిలేది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. దానితో వీసా లేకుండా రావచ్చు, ఉండొచ్చు. ఓటు వెయ్యలేం, ఊళ్లో ఎకరం పొలం కొనలేం. ఇంతమంది తెలుగువాళ్లు చదివే వ్యాసంలో భారత పౌరసత్వం పోతుందన్న ఒక్క వాక్యం రాయడానికి చోటు లేకపోయిందా?

– ఓ పాఠకుడు, స్టుట్‌గార్ట్, జర్మనీ