మామ్మ ఖాళీగా లేదు



ఈ వారం వాక్యంలోకి వెళ్ళకముందు మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన క్రిస్మస్ నెలలో ఒక ఆదివారం ప్రసంగంలో, మన ఆత్మీయ జీవితాలు అతుకుల బొంతల్లా తయారయ్యాయని గట్టిగా అన్నాము. చాలామంది తలలూపారు. మాకూ ఆ మాట బాగా పేలిందనిపించింది. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఒక మామ్మ మమ్మల్ని ఆపింది.

“అయ్యగోరూ, బొంతేటి పాపం సేసినాది? అతుకెయ్యకపోతే గుంటలకి సలి ఆగుతాదేటి?”

అంతే అంది. జవాబు కోసం చూడలేదు, మనవడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

నిజమే కదా. కుదరని ప్రభుత్వాన్ని, పొంతన లేని పుస్తకాన్ని, నిలకడ లేని మనిషిని అతుకుల బొంత అంటాము. బొంతలో పడుకోబెడితే పెరిగినవాళ్ళమే ఆ మాటను తిట్టుగా వాడుతున్నాము. ఇంటికి చుట్టాలొస్తే ముందు దాచేది బొంతనే. రంగురంగుల మెత్తటి కంబళి మంచం మీదికి వస్తుంది, బొంత అటక మీదికి పోతుంది. చుట్టాలు వెళ్ళిన రాత్రి మళ్ళీ దిగుతుంది.

ఆ వారమే మేమూ మా ఇంటావిడా ఆ మామ్మ ఇంటికి వెళ్ళాము. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, రాయొద్దంది. వెళ్ళేసరికి నేల మీద చాప పరిచి కుట్టు ముందు కూర్చుని ఉంది. క్షమించమని అడిగాము. “దానికేటి బాబూ, కూకోండి” అని చాప అంచు మాకు వదిలి తన పని తాను చేసుకుంది. గంటసేపు చూశాము. ఇన్నేళ్ళుగా సంఘాన్ని కాస్తున్నామని చెప్పుకునేవాళ్ళం, ఒక బొంత ఎలా తయారవుతుందో మొదటినుంచి చివరిదాకా ఎప్పుడూ చూడలేదు.

కింద రెండు నూలు చీరలు, పైన రెండు. మధ్యలో చినిగిన పంచె, లుంగీ, పిల్లలకు పొట్టైపోయిన బడి యూనిఫారాలు. పాలిస్టరు పెట్టదు. జారిపోతుందట, చెమట పీల్చదట. అన్నీ గంజి పోయేలా ఉతికి, ఎండేసి, ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ముందు దూరం దూరంగా టాకాలు వేస్తుంది. ఆ తరువాత అంచు మడిచి, అంచు నుంచి లోపలికి వరస వెంట వరస కుడుతుంది. చిరుగున్న చోట మాసిక వేస్తుంది. దారం కొనదు. చీర అంచులోంచి లాగిన పోగులు రెండు మూడు కలిపి తొడ మీద పురి పెడుతుంది.

చూపు ఆనదు. ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కన్ను అలాగే ఉంది. అందుకని బడికి వెళ్ళేముందు మనవరాలు ఆరు సూదుల్లో దారం ఎక్కించి గోడ మీది క్యాలెండరుకు గుచ్చి వెళ్తుంది. ఆ ఆరూ అయిపోతే, పిల్ల సాయంత్రం తిరిగొచ్చేదాకా కుట్టు ఆగిపోవలసిందే. మేము వెళ్ళిన పూట నాలుగు సూదులు ఖాళీ అయ్యాయి, రెండు మిగిలి ఉన్నాయి. ఆ ఇంట్లో మాకు కనబడిన ఖాళీ ఆ నాలుగు సూదులే.

ఎందుకంటే ఆ మామ్మ తెల్లారకముందే లేస్తుంది. నీళ్ళు పట్టాలి, గంజి కాయాలి, ఇద్దరు పిల్లలకు తల దువ్వాలి, ఒకడిని వెతికి పట్టుకుని స్నానం చేయించాలి. పిల్లలకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చోవాలి. కొడుకూ కోడలూ హైదరాబాదులో కట్టుబడి పనిలో ఉన్నారు. మేము అక్కడ ఉండగానే ఫోను వచ్చింది. స్పీకరులో మాట్లాడుతున్నారు కాబట్టి మేమూ విన్నాము. చిన్న కూతురికి కాన్పు దగ్గర పడిందట, మూడు నెలలు నిండగానే పసిబిడ్డను కూడా ఇక్కడే దింపి వెళ్తారట. “అమ్మ ఖాళీగానే ఉంది కదా.”

ప్రియులారా, ఈ రోజు మా కోపమంతా ఆ ఒక్క మాట మీద. ఖాళీ.

మీరు పనికోసం ఊరు విడవడం తప్పని మేము అనడం లేదు. గరివిడిలో ఫేకర్ పొగగొట్టాల కింద అందరికీ పని దొరకదని మాకూ తెలుసు. వాన మీద ఆధారపడిన పొలం సంగతీ తెలుసు. మన ఉత్తరాంధ్ర వాళ్ళు ఒకప్పుడు ఓడెక్కి రంగూన్ పోయారు, ఇప్పుడు రైలెక్కి విశాఖ, చెన్నై, హైదరాబాదు, గుజరాత్ రేవుల దాకా పోతున్నారు. పోయినవాళ్ళ కష్టం గురించి పాటలున్నాయి, కథలున్నాయి. వాళ్ళు పోగలిగింది వెనక ఒక మామ్మ పిల్లల్ని పట్టుకుని నిలబడింది కాబట్టే. ఆ మాట మాత్రం ఎవరూ లెక్కలో రాయలేదు. పోవడం మీ అవసరం, ఒప్పుకుంటాము. ఆమె మోస్తున్నదానికి ఖాళీ అని పేరు పెట్టడం మాత్రం అవసరం కాదు, అన్యాయం.

పెన్షను సంగతి కూడా చెప్పుకుందాం, మొహమాటం వద్దు. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు వస్తోంది. ఒకటో తేదీన సచివాలయం నుంచి ఇంటికే వచ్చి చేతిలో పెడుతున్నారు. ఆ డబ్బు ఆమె మందులకు, ఆమె రెండో కంటికి, ఆమె నోటికి. మరి మన ఇళ్ళల్లో ఎక్కడికి పోతోంది? పిల్లల పెన్నులకు, చెప్పులకు, ఆటో కిరాయికి, గ్రూపు లోను వాయిదాకు. కొన్ని ఇళ్ళల్లో అయితే రెండో తేదీకల్లా కొడుకు ఫోను: “అమ్మా, ఒక రెండు వేలు సర్దు.” ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో దేవుడు విధవరాలి బట్టను తాకట్టు పెట్టించుకోవద్దన్నాడు. అప్పిచ్చిన పరాయివాడికే ఆ హద్దు గీశాడు. కడుపున పుట్టినవాడికి హద్దు చెప్పవలసి వస్తుందని మోషే ఊహించి ఉండడు.

“మామ్మే ఇష్టపడి చేస్తోంది అయ్యగారూ” అని మీలో కొందరు మాతో అన్నారు. ఇష్టమే, కాదనడం లేదు. ఆ మనవరాలు సూదిలో దారం ఎక్కిస్తుంటే ఆమె ముఖం చూశాము. ఆ ముఖం చూసినవాడెవడూ అది బలవంతపు చాకిరీ అనడు. కానీ ఇష్టంగా చేసేవాళ్ళ దగ్గరే ఎక్కువ గుంజుకోవడం మనిషికి ఉన్న చెడ్డ తెలివి. ఇష్టపడి ఇచ్చేదానికి కూడా ఒక కొలత ఉంటుంది. ఇద్దరు పిల్లలు ఆమె కొలత. మూడో పసిబిడ్డను ఒళ్ళో పెట్టేముందు, “అమ్మా, నీవల్ల అవుతుందా?” అని ఆమెను ఎవరైనా అడిగారా? మేము ఆ ఫోనులో విన్నంతవరకు అడగలేదు.

ఇప్పుడు వాక్యం. మొదటి తిమోతి 5వ అధ్యాయం తీయండి. నాలుగో వచనంలో పౌలు పిల్లలకే కాదు, మనుమలకు కూడా బాధ్యత పెట్టాడు: పెద్దలకు తిరిగి ప్రత్యుపకారం చేయడం ముందు ఇంట్లోనే నేర్చుకోవాలని. ఇంకా కిందికి రండి. 60 ఏళ్ళు దాటిన విధవరాండ్రను సంఘం లెక్కలో చేర్చేటప్పుడు వాళ్ళ సత్క్రియలు చూడమన్నాడు. ఆ సత్క్రియలు చెప్పుకుంటూ పోతూ మొదట చెప్పింది ఏమిటో చూడండి, పిల్లలను పెంచడం. అతిథులను చేర్చుకోవడం, పరిశుద్ధుల పాదాలు కడగడం ఆ తరువాత. ఆదిసంఘం పిల్లల పెంపకాన్ని పుస్తకంలో రాసుకునే సేవగా ఎంచింది. మన సంఘ రిజిస్టరులో గాయక బృందానికి పేజీ ఉంది, కమిటీకి ఉంది, సండేస్కూలు టీచర్లకు ఉంది. మనవల్ని పెంచే మామ్మలకు ఒక గీత కూడా లేదు. ఆ రిజిస్టరు రాసింది మేమే.

దేశపు చట్టం కూడా మనకంటే ముందే మేల్కొంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో చట్టం వచ్చింది. అందులోనూ కొడుకులు, కూతుళ్ళతో పాటు వయసొచ్చిన మనుమలు, మనుమరాండ్రు కూడా బాధ్యులే. ఎవరినీ ట్రిబ్యునలుకు ఎక్కించాలని కాదు మా ఉద్దేశం. విశ్వాసి ఇంటికి ఆ కాగితం రావలసిన స్థితి సిగ్గు అని మాత్రం అంటున్నాము.

మరొకటి, ఇది రాయడానికి మా చెయ్యి వణుకుతోంది. దూరాన ఉన్న కొందరు బిడ్డలు పండుగకు పెద్ద కృతజ్ఞతార్పణలు పంపుతారు. మేము మైకులో పేర్లు చదువుతాము, సంఘం చప్పట్లు కొడుతుంది. ఆ వరసలోనే, కొడుకు పేరు వింటూ, కన్ను ఆపరేషనుకు డబ్బులేని తల్లి కూర్చుని ఉంటుంది. మార్కు 7వ అధ్యాయంలో కొర్బాను గురించి ప్రభువు పరిసయ్యులను ఎందుకు గద్దించాడో మీకు తెలుసు. తల్లికి చెందవలసినది దేవునికిచ్చేశానని చెప్పి చేతులు దులుపుకున్నందుకు. కొర్బాను ఇచ్చినవాడిదొక్కడిదే తప్పా? రసీదు రాసి పుచ్చుకున్నవాడి సంగతేమిటి? ఇకమీదట ఎవరైనా కానుక పంపితే మేము ముందు ఫోను చేసి అమ్మ కన్ను సంగతి అడుగుతాము. కోపమొస్తే రానివ్వండి. కానుకలు తగ్గితే తగ్గనివ్వండి. చర్చి ప్రహరీ గోడ ఇంకో ఏడాది ఆగుతుంది.

క్రిస్మస్ దుప్పట్లు కూడా గుర్తున్నాయా? సంఘం తరఫున దుప్పట్లు పంచాము. ఒక చెయ్యి ఇస్తుంటే నాలుగు ఫోన్లు ఫోటోలు తీశాయి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నవాడి పుట్టినరోజున. ఆ ఫోటోల్లో దుప్పటి పుచ్చుకుంటున్నవారిలో ఈ మామ్మ కూడా ఉంది. ఊళ్ళో ఎన్నో ఇళ్ళకు బొంతలు కుట్టి పెట్టిన మనిషిని నిలబెట్టి, బజారు దుప్పటి చేతికిచ్చి, నవ్వమన్నాము. ఎవరు ఎవరికి ఇవ్వాలి అక్కడ?

యొప్పేలో తబితా, అంటే దొర్కా, చనిపోయినప్పుడు పేతురు లుద్ద నుంచి వచ్చాడు. మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ ఆయనకు చూపించింది దొర్కా చేసిన ప్రసంగాలు కాదు, ఆమె కుట్టిన బట్టలు. కొత్త నిబంధనలో స్త్రీని శిష్యురాలు అనే మాటతో చెప్పిన చోటు అదొక్కటే. సూది పట్టిన ఆమెకే ఆ మాట దక్కింది. దీని మీద మేము చాలాసార్లు ప్రసంగించాము. ప్రతిసారీ చివర్లో ఉన్న అద్భుతం దగ్గరికి పరిగెత్తాము గాని, ఆ బట్టల దగ్గర ఒక్క నిమిషం ఆగలేదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరుంది. ఏటి వంపులో ఉన్న పల్లె. బానిసలుగా పని చేసినవారి సంతానం అక్కడి నల్లజాతి కుటుంబాలు. చెక్క ఇళ్ళ సందుల్లోంచి చలిగాలి వచ్చేది, అందుకని ఆ ఊరి అమ్మలు, అమ్మమ్మలు చినిగిన పనిబట్టలు అతికి బొంతలు కుట్టారు. వాళ్ళూ మనలాగే చిన్న గుడిలో పాటలు పాడుకునే పేద విశ్వాసులు. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తరువాత న్యూయార్క్‌లో గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో పది స్టాంపులు వేసింది. సంతోషమే. కానీ మన మామ్మ బొంత గౌరవం పొందడానికి న్యూయార్క్ నుంచి ఎవరో రావాలా? అంత దూరం ఎందుకు, చీపురుపల్లి, సిగడాం దాటితే పొందూరు. అక్కడ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్న నూలు వడికే ఆడవాళ్ళ పని దేశమంతా ఖాదీగా పేరు తెచ్చుకుంది. పెద్దవాళ్ళు కట్టుకుంటే అది ఖద్దరు, మామ్మ కుడితే మాత్రం ఖాళీ పని.

ఇక చేయబోయేది చెబుతాము. పసిబిడ్డ విషయం ఆ చిన్న కూతురితో మేమే మాట్లాడాము. మొదట కోపపడింది, ఫోను పెట్టేసింది. మర్నాడు తనే చేసింది. కాన్పయ్యాక ఆరు నెలలు తానే వచ్చి తల్లి దగ్గర ఉంటానంది, ఆ తరువాత సంగతి తేలలేదు. కొడుకు కంటి ఆపరేషనుకు సంక్రాంతికి వస్తానన్నాడు. వస్తాడో లేదో చూడాలి. రిజిస్టరులో కొత్త పేజీ తెరిచాము, ఇప్పటికి పదకొండు మంది మామ్మలు, నాయనమ్మలు, అమ్మమ్మల పేర్లు రాశాము. మీ ఇంట్లో ఉంటే చెప్పండి, సిగ్గుపడొద్దు.

వచ్చే రెండో శనివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో చాపలు పరుస్తాము. మామ్మలు కుడతారు, వయసు పిల్లలు నేర్చుకుంటారు. మా కళ్ళు ఇంకా ఆనుతున్నాయి కాబట్టి సూదుల్లో దారం ఎక్కించే పని మాది. పాత చీరలుంటే ఉతికి తెండి. నూలువే తెండి, పాలిస్టరు తెస్తే వెనక్కి పంపించేస్తానని మామ్మ ముందే చెప్పమంది.