కార్డు నిండితే సరిపోదు.. కందిరీగ ఎగరాలి!

ట్రైకోకార్డు పేరు విన్నారా? చెరకులో పీక పురుగు, వరిలో కాండం తొలిచే పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగను రైతుకు చేర్చే అట్టముక్క అది. ఆ కందిరీగ 1 మిల్లీమీటరు కూడా ఉండదు. ల్యాబ్‌లో దాన్ని కార్సిరా అనే నిల్వ ధాన్యపు పురుగు గుడ్ల మీద పెంచుతారు.

చిక్కంతా ఇక్కడే. దాదాపు 10 రోజులకో తరం. అంటే ఏడాదికి 30 తరాల పైనే! గుడ్లు ఎదురుగానే ఉంటాయి. ఎగరక్కర్లేదు, వెతకక్కర్లేదు. ఇలాగే తరాలు గడిస్తే ఎగిరే శక్తి, పొలంలో పురుగు గుడ్లను పసిగట్టే నేర్పు తగ్గొచ్చు. ఆడవాటి సంఖ్యా పడిపోవచ్చు. పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టేది ఆడ కందిరీగే కదా! కార్డు మీద మాత్రం గుడ్లు నల్లగా, నిండుగానే కనిపిస్తాయి. నమ్మి కొన్న రైతు పంట పోగొట్టుకుని మళ్లీ మందు డబ్బా పట్టుకుంటాడు.

అందుకే కార్డుల లెక్కతో ల్యాబ్ పనితీరును కొలవడం మానాలంటాను. ఎగిరే పరీక్ష పెట్టాలి. పొలం నుంచి కొత్త కందిరీగల్ని తెచ్చి కలపాలి. అప్పుడప్పుడూ అసలు పురుగు గుడ్ల మీదే పెంచాలి. ఈ పనికి అగ్రికల్చర్, జువాలజీ వాళ్లతో పాటు, కెమెరాతో లెక్కించే ప్రోగ్రామ్ రాయగల ఇంజినీర్లూ కావాలి.

బయోకంట్రోల్ ల్యాబ్ ఇంటర్వ్యూకి వెళ్తే ఒక ప్రశ్న మీరే వేయండి: “మీ కల్చర్‌లోకి పొలం కందిరీగల్ని చివరిసారి ఎప్పుడు కలిపారు?” జవాబు తడబడిందా.. అక్కడ మీకు బోలెడు పని ఉన్నట్టే!