గాజుతో మొదలైన అక్షరము



గత నెల కుటుంబ కూటము ముగిసిన తరువాత ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మా బాబుకు నాలుగేళ్లు నిండాయి. పక్కింటి పాప అప్పుడే అఆలు దిద్దుతోంది. నాకా చదువు రాదు. మావాడికి ఎవరు నేర్పుతారు?" అని కంట నీరు పెట్టుకుంది. ఆమెతో చెప్పిన సంగతులే ఈ నెల మీకందరికీ రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా పెద్దబ్బాయికి నాలుగో ఏడు రాగానే పలక చేతికిచ్చి "అ" దిద్దమని కూర్చోబెట్టాను. వంకర పోయినప్పుడల్లా వేళ్లు గట్టిగా పట్టి దిద్దించాను. రెండుసార్లు కొట్టాను కూడా. వారం తిరగకముందే పలక కనిపించలేదు. వెతికితే గడ్డివాములో దొరికింది. వాడే దాచాడు. అక్షరమంటే వాడికి భయం పట్టుకుంది. ఆ భయం నేను పెట్టినదే.

మా అమ్మ చదువుకోలేదు. ఆమె నన్నేమీ అనలేదు. మరునాడు తన చేతి గాజు తీసి అరుగు మీద పెట్టి, "ఇదేమి అక్షరమో మీ నాన్నను అడిగి రా" అని వాణ్ణి పంపింది. వచ్చి చూసి "సున్న" అన్నాను. వేపపుల్ల విరిచి గాజుపైన తలకట్టులా పెట్టి, "ఇప్పుడిది ర" అన్నాను. వాడు చాలా రోజుల తరువాత నవ్వాడు. ఆనాటి నుండి నానమ్మా మనుమడూ కలిసే నేర్చుకున్నారు.

ఐదేళ్లలోపు పిల్లల వేళ్లకు బలపం పట్టి దిద్దే బలము ఇంకా పూర్తిగా రాదు. గనుక ముందు చేతికి ఆట, ఆ తరువాతే రాత. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరములోని పేదల పేటలో పసిపిల్లల బడి తెరిచింది. గరుకు కాగితముతో కత్తిరించిన అక్షరాలను పిల్లలచేత వేలితో తడిమించేది. 1939లో ఆమె మద్రాసు వచ్చి, మన దేశపు ఉపాధ్యాయులకు కూడా ఈ పద్ధతి నేర్పింది. మన ఇళ్లలో ఇలా చేయవచ్చును:

1. 56 అక్షరాలూ వరుసగా వల్లె వేయించవద్దు. సున్న, ర, గ, ప, ట – ఈ ఐదింటితో మొదలుపెట్టండి. వారానికి ఒక్కటి చాలు. ఐదూ వచ్చేసరికి గంప, గంట, పంట, పటం, రంపం అనే మాటలు బిడ్డ చేతిలో ఉంటాయి.

2. పళ్లెంలో పొడి ఇసుక గాని తవుడు గాని పరిచి, చూపుడువేలితో రాయించండి. తప్పు పోతే పళ్లెం కదిపితే చాలు, చెరిగిపోతుంది.

3. పాత శుభలేఖ అట్ట మీద మైదా జిగురుతో అక్షరం గీసి, ఇసుక చల్లి ఆరబెట్టండి. బిడ్డ కళ్లు మూసుకుని తడిమి, అదేమిటో చెప్పాలి.

4. చపాతీలు చేసేటప్పుడు చిన్న పిండిముద్ద ఇవ్వండి. పాములా పొడుగ్గా చేసి అక్షరంగా వంచితే వేళ్లకు బలము వస్తుంది.

5. సుద్దముక్కతో నేలమీద గీసిన అక్షరంపై చింతపిక్కలు పేర్పించండి.

6. "గ" వారములో గడప, గరిటె, గడ్డి, గంప చూపించి పేర్లు పలికించండి. "ప" వారములో పలక, పళ్లెం, పప్పు.

ఒక జాగ్రత్త. పసివాళ్లు పిక్కలను నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. మీరు పక్కన ఉన్నప్పుడే ఇవ్వండి, లెక్కపెట్టి తిరిగి తీసుకోండి. మూడేళ్లలోపువారికి అసలే వద్దు. గురివింద గింజలు, ఆముదపు గింజలు ఎంత అందంగా ఉన్నా వాడకండి. అవి విషము.

చదువురాని తల్లులు సిగ్గుపడనక్కరలేదు. అక్షరమును పెద్దబిడ్డచేత గాని, అంగన్‌వాడీ టీచరుచేత గాని అట్ట మీద సరిగా రాయించుకోండి. బిడ్డతోపాటు మీరూ వేలు పెట్టి తడమండి. రోజుకు పది నిమిషాలు మించవద్దు. బిడ్డ లేచిపోతే పోనివ్వండి, రేపు మళ్లీ పిలవండి. పక్కింటి పాపతో మాత్రం పోల్చకండి.

మొన్న ఆదివారము ఆ తల్లి మళ్లీ కనిపించింది. "మావాడు గడప దాటినప్పుడల్లా 'గ' అంటున్నాడు, అయ్యగారూ" అన్నది. కాస్త ఆగి, మెల్లగా, "నేనూ అంటున్నాను" అన్నది.