పొరుగువారి కొట్లాట మన గెలుపు కాదు

ఈ సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు "విద్యార్థులు - క్రమశిక్షణ" అనో, "నేటి యువత - రేపటి దేశం" అనో రాస్తానని అనుకుని ఉంటారు. ఆ రెండింటి మీదా మన లెక్చరర్లు నాకన్నా బాగా రాయగలరు. నేను మాత్రం ఒక కంప్యూటరు ఆటలో చిత్తుగా ఓడిపోయిన సంగతి చెప్పి, దాని మీద నా అభిప్రాయం మనవి చేసుకుంటాను. కాలేజీ సంచికలో ఆటల గోల ఏమిటయ్యా అని పెద్దలు కోప్పడవద్దు. కోప్పడదలిస్తే చివరిదాకా చదివి కోప్పడండి.

ఆట పేరు సివిలైజేషన్. సిడ్ మయర్, బ్రూస్ షెల్లీ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించగా 1991లో మొదటిసారి వెలువడింది. తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. క్రీస్తుపూర్వం 4000లో ఒక చిన్న గుంపుతో మొదలుపెట్టాలి. ఊరు కట్టాలి, పొలం దున్నించాలి, లిపి నేర్పాలి, చివరికి అంతరిక్షనౌక దాకా పోవాలి. చదరంగంలోలాగా ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు ఎత్తు వెయ్యాలి. అయితే చదరంగంలో ఎదుట ఉండేది ఒక్కడే, వాడు శత్రువే. ఇక్కడ చుట్టూ నలుగురైదుగురు ఉంటారు. వాళ్లలో మిత్రుడెవరో, శత్రువెవరో ముందుగా ఎవరూ రాసిపెట్టరు. మనమే తేల్చుకోవాలి. అసలు ఆటంతా అక్కడే ఉంది.

2014లో, ఈ కాలేజీలో చేరకముందు, నేను వికారాబాదులో గది తీసుకుని డిగ్రీ చదువుతున్నాను. తాండూరు నుంచి రోజూ రైల్లో వచ్చే మిత్రులిద్దరు ఉండేవారు. ఒకడి నాన్నకు బండలు పాలిష్ పట్టే మిషన్ ఉంది. ఇంకొకడి నాన్నకు కందుల అడ్తి దుకాణం. అందుచేత మేం పెట్టుకున్న పేర్లు కూడా అవే: ఒకడు బండలు, ఒకడు కందులు. ఆదివారాలు నా గదిలో ఒకే కంప్యూటరు మీద ముగ్గురం ఆ ఆట ఐదో భాగం ఆడేవాళ్లం. ఒకడు ఆడుతుంటే మిగతా ఇద్దరూ చూడకూడదు గనుక వరండాలో నిలబడి ఛాయ్ తాగాలి. ఈ వరండా సంగతి గుర్తుంచుకోండి, దానితో పని ఉంది.

నా పద్ధతి ఏమిటంటే, బండలు ఒక్కడూ వరండాలో దొరికినప్పుడు, "కందులు నీ సరిహద్దులో సైన్యం దించుతున్నాడురా, నేను నీ వైపే ఉంటా" అనేవాణ్ణి. కందులు దొరికినప్పుడు అదే మాట తిరగేసి చెప్పేవాణ్ణి. ఇద్దరూ కొట్టుకున్నారు. ఇద్దరికీ నేను గుర్రాలూ ఇనుమూ అమ్మాను. వాళ్లు కత్తులు నూరుకుంటుంటే నేను విశ్వవిద్యాలయాలు కట్టుకున్నాను. మూడు ఆదివారాలు నా అంత తెలివైనవాడు తాండూరు, వికారాబాదుల మధ్య లేడనుకున్నాను.

నాలుగో ఆదివారం ఇద్దరూ నవ్వుకుంటూ గదిలోకి వచ్చారు. నేనింకా ఏమీ పసిగట్టలేదు. కందులు కుర్చీ లాక్కుని, "నీ ఊర్లెన్నున్నయో ఒకసారి లెక్కపెట్టుకోరా, సాయంత్రానికి యాద్దెచ్చుకుందువు" అన్నాడు. తూర్పు నుంచి ఒకడు, పడమర నుంచి ఒకడు దిగారు. సాయంత్రం బండి వేళకు నా రాజ్యం లేదు. జరిగిందేమిటంటే, అంతకు ముందు ఆదివారం తిరుగు ప్రయాణంలో ఇద్దరికీ ఒకే పెట్టెలో ఎదురెదురుగా సీటు దొరికింది. తాండూరు చేరేలోగా నా మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. అంతే!

నా ఎత్తుల బలమంతా ఒకే ఒక్క దాని మీద నిలబడి ఉంది: వాళ్లిద్దరూ మాట్లాడుకోకపోవడం. ఆ మౌనం నా సొత్తు కాదు. వాళ్లు ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు తీసేసుకోగలరు. నా అభిప్రాయానికి ఇదే మొదటి మెట్టు. పొరుగువాళ్ల తగవు మీద బతికేవాడు వాళ్ల రాజీతో చస్తాడు.

చరిత్ర లెక్చరరు గారు ఈపాటికి చిరునవ్వు నవ్వుతూ ఉంటారు. ఎందుకంటే మన దక్కనులో ఈ ఆట కంప్యూటర్లు పుట్టకముందే ఒకసారి జరిగింది. శ్రీకృష్ణదేవరాయల అల్లుడు అళియ రామరాయలు, సదాశివరాయలను సింహాసనం మీద కూర్చోబెట్టి విజయనగరాన్ని తానే ఏలాడు. ఉత్తరాన బీజాపూరు, అహ్మద్‌నగరు, గోల్కొండ, బీదరు సుల్తానులు ఒకరితో ఒకరికి పడనివాళ్లు. ఈయన ఒకసారి ఒకరి పక్షాన, ఇంకోసారి ఇంకొకరి పక్షాన చేరి, ప్రతి తగవులోనూ కొంత లాభం మిగుల్చుకున్నాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సంగతి మరీ చిత్రం. అన్న భయంతో పారిపోయి ఏడేళ్లు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలోనే తలదాచుకున్నాడు. 1550లో గోల్కొండ గద్దెనెక్కాక తెలుగు కవులను ఆదరించి వాళ్ల నోట మల్కిభరాముడు అనిపించుకున్నాడు. అంతకన్నా దగ్గరి పొరుగువాడు రామరాయలకు దొరుకుతాడా? కాని తర్వాతి తగవుల్లో ఆ గోల్కొండ నుంచే పానగల్లు, ఘనపురం కోటలు రాయల చేతికి పోయాయి. ఉప్పు తిన్న మిత్రుడు కూడా లెక్కలు చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత సుల్తానులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. అహ్మద్‌నగరు హుసేన్ నిజాంషా తన కూతురు చాంద్‌బీబీని బీజాపూరు అలీ ఆదిల్‌షాకు ఇచ్చి, షోలాపూరు కోటను కట్నంగా పెట్టాడు. అన్నాళ్లూ వాళ్లు కొట్టుకున్నది ఆ కోట కోసమే మరి. 1565 జనవరి 23న కృష్ణ ఒడ్డున రక్కసి - తంగడి దగ్గర యుద్ధం జరిగింది. రామరాయల తల తెగింది. తర్వాత హంపీ కొల్లబోయింది. ఆ ఓటమికి ఫిరంగులనీ, మరొకటనీ చరిత్రకారులు ఎన్నో కారణాలు చెబుతారు, కాదనను. కాని బద్ధవైరులు ఒకే వైపు ఎలా నిలబడ్డారన్న ప్రశ్నకు జవాబు ఫిరంగుల్లో లేదు. అన్నేళ్ల రాజనీతిలో ఉంది.

గెలిచినవాళ్లు బాగుపడ్డారా అంటే అదీ లేదు. ఉమ్మడి శత్రువు పోగానే వాళ్ల ఐకమత్యమూ పోయింది. 1619లో బీదరును బీజాపూరు మింగింది. 1636 నాటికి అహ్మద్‌నగరు లేదు. 1686లో బీజాపూరును, మరుసటి ఏడే గోల్కొండను ఔరంగజేబు పట్టుకున్నాడు. శత్రువు మీద కోపంతో మాత్రమే కుదిరిన స్నేహం శత్రువుతోపాటే పోతుందని దీని అర్థం.

"కౌటిల్యుడు చెప్పిందే కదా నువ్వు చేసింది!" అని ఎవరైనా అనవచ్చు. ఆ మహానుభావుణ్ణి ఆటలోకి కూడా తెచ్చారు. ఆరో భాగానికి 2018లో వచ్చిన అనుబంధంలో చంద్రగుప్తుడు భారతదేశ నాయకుడు. అతని ప్రత్యేక శక్తి పేరు "అర్థశాస్త్రం". పొరుగువాడు శత్రువు, పొరుగువాడికి పొరుగువాడు మిత్రుడు అనే మండల సిద్ధాంతం మనవాళ్లందరికీ నోటికి వచ్చు. అయితే కౌటిల్యుడు చెప్పిన ఆరు నయాల్లో ద్వైధీభావం అంటే ఒకడితో సంధి చేసుకుని ఇంకొకడితో పోరడం. ఇద్దరికీ ఒకే మాట అమ్మడం కాదు. సంధి వల్లా యుద్ధం వల్లా ఫలం సమానమైతే సంధే మేలని కూడా ఆయనే చెప్పాడు, యుద్ధంలో నష్టమూ ఖర్చూ ఉంటాయి గనుక. ఆయన కపటం బోధించలేదని నేననను, బోలెడంత బోధించాడు. కాని సంధి అనే మాటకు విలువ ఉన్నచోటే కపటానికైనా విలువ. ఎవడి మాటా ఎవడూ నమ్మని చోట మోసం కూడా చెల్లదు.

మరి ఎలా గెలవాలి? ఓడిన తర్వాత అదే ఆట మళ్లీ చాలాసార్లు ఆడి నేర్చుకున్నది చెబుతాను. ఐదో భాగానికి 2013లో వచ్చిన అనుబంధంలో ఒక ఏర్పాటు ఉంది. మనకు తెలియని విద్యలు తెలిసిన రాజ్యంతో వర్తకం నడిపితే సరుకుతోపాటు విద్య కూడా మనకు చేరుతుంది. అనగా మనకన్నా ముందున్న పోటీదారు బతికి ఉండటమే మనకు లాభం. వాణ్ణి కాల్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అదే భాగంలో స్నేహం ప్రకటించినవాడి మీదే దండెత్తితే, ఆ దెబ్బ తిన్నవాడొక్కడే కాదు, మిగతా రాజ్యాలూ మనల్ని నమ్మవు. పక్కన ఊరు కట్టనని మాటిచ్చి తప్పినా గుర్తుపెట్టుకుంటాయి. యంత్రానికే అంత జ్ఞాపకం ఉంటే మనుషులకు ఉండదా?

ఉంటుందని నాకు రెండు నెలల్లో తెలిసివచ్చింది. మా ప్రాక్టికల్సు ముగిసేసరికి తాండూరు బండి వెళ్లిపోయేది. ఆ వైపు పిల్లలు రాత్రిదాకా స్టేషనులో కూర్చునేవారు. ల్యాబ్ వేళ ముందుకు జరపమని ప్రిన్సిపాలు గారికి అర్జీ పెడదామని నేనే కాగితం రాసుకుని బండల దగ్గరికి వెళ్లాను. వాడు చదివి, సంతకం పెట్టకుండా అడిగాడు: "గిండ్ల నీకేమొస్తదిరా? ఇంక ఎవనికి ఏం మాటిచ్చినవ్?"

నేను గాభరాపడి, అది ఉత్త ఆటరా అన్నాను.

"ఆటల ఓడగొట్టుడు ఆటనే. నాకు కోపం లేదు. కానీ నా ముంగట నిలబడి, నా ఛాయ్ తాగుకుంట చెప్పినవు గద, నీ వైపే ఉంటనని. గది కంప్యూటర్ల చెప్పలే, వరండల చెప్పినవు."

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. నిజమే, ఆట గదిలో జరిగింది. అబద్ధం వరండాలో జరిగింది. చివరికి నిజమే చెప్పాను: ల్యాబ్ ముందుకు జరిగితే నాకు వచ్చేదేమీ లేదు, పైగా నా మధ్యాహ్నపు కునుకు పోతుంది. వాడు నవ్వాడు. "అయితే పస్టు సంతకం నువ్వు పెట్టు" అన్నాడు. పెట్టాను. తర్వాత వాడు, కందులు, మిగతావాళ్లు పెట్టారు. ల్యాబ్ అరగంట ముందుకు జరిగింది. నేను గెలిచిన ఆటలన్నిటిలోకీ నాకు ఎక్కువ గుర్తున్నది ఇదే.

మిత్రులారా, యూనియన్ అన్నాక ప్యానెళ్లు ఉంటాయి, పోటీలు ఉంటాయి, ఉండాలి కూడా. హాస్టలు వాళ్లనూ డేస్కాలర్లనూ, ఆర్ట్సునూ సైన్సునూ ఎదురెదురు నిలబెట్టి మధ్యలోంచి గెలుచుకుపోయే తెలివి ప్రతి బ్యాచిలోనూ ఒకడికి ఉంటుంది. ఓట్ల లెక్కింపు దాకా అది పనిచేస్తుంది. మర్నాడు అందరితో కలిసి ఒక అర్జీ పట్టుకుని వెళ్లవలసి వచ్చినప్పుడు వాడి మొహం ఎవరూ నమ్మరు. పోటీదారుణ్ణి ఓడించండి, కాని రేపు వాడితో సంతకం పెట్టించుకోగలిగేలా ఓడించండి.

అనంతగిరి కొండలకు పోయినవారికి తెలుసు. ఒకే కొండల్లో పుట్టి మూసీ తూర్పుకు, గోల్కొండ దిక్కుకు పోతుంది. కాగ్నా తాండూరు మీదుగా పడమటికి పోయి భీమలో కలుస్తుంది. పుట్టగానే ఒకదానికొకటి వీపు తిప్పుకున్నట్టు కనిపిస్తాయి. చివరికి ఆ భీమా కృష్ణలోనే పడుతుంది, ఈ మూసీ కృష్ణలోనే పడుతుంది. మనం ఎటు పోయినా, ఏ రైలెక్కినా, ఎప్పుడో ఒకప్పుడు ఎదురెదురు సీట్లలో కూర్చోక తప్పదు. అప్పుడు మొహం చూపించుకునేలా ఆడదాం.